పాలు మాన్పిన అయిదో రోజు

సంత నుంచి తిరిగొచ్చిన బేరగాడు ఆ మాట చెప్పకుండా ఉన్నా బాగుండేది.

''అక్కా, గొడ్డుదని అమ్మేసినావే ఆ మచ్చలది... కోస్తే కడుపులో తొమ్మిది పిల్లలుండాయి. ఇదో, ఇంతింత ఉండాయి'' అంటూ చూపుడు వేలు చూపించాడు. అతనికి అదో వింత. చెప్పేసి, బీడీ ముట్టించుకుని వెళ్లిపోయాడు. ఆమె మాత్రం చేతిలో ఉన్న కుడితి బాల్చీని కింద పెట్టి, ఆ దొడ్డి గోడకే ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. 'పంది కోసం ఏడుస్తారా ఎవరైనా?' అని భర్త కసిరాడు. నిజమే. లోకంలో పంది కోసం ఏడ్చేవాళ్లు తక్కువ. కానీ ఆమె ఏడ్చింది పంది కోసం మాత్రమే కాదు. తనకు తెలియనితనం కోసం!

తిరుపతికి కాస్త దూరంలో, చెరువు కట్ట కింద ఉన్న ఓ చిన్న ఊరు వాళ్లది. ఎరుకల కుటుంబం. తాతల కాలం నుంచీ పందులే ఆధారం. అయితే అప్పటి పెంపకానికీ ఇప్పటి దానికీ పొంతన లేదు. అప్పట్లో నల్లటి నాటు పందులు పొద్దున్నే దొడ్డి దాటి పోయేవి. దొరికింది తిని, చీకటి పడేసరికి తిరిగొచ్చేవి. ఎప్పుడు ఎదకు వచ్చాయో, ఎక్కడ జతకట్టాయో ఎవరూ చూసేవాళ్లు కాదు. ఓ రోజు గడ్డీ గాదం పోగేసి గూడు కట్టుకుంటే, 'ఈనబోతోంది' అని తెలిసేది. అంతే! లెక్కలూ లేవు, పుస్తకాలూ లేవు.

ఆమె అలా కాకూడదనుకుంది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని, పశువైద్య విశ్వవిద్యాలయం ఫారం నుంచి మూడు సీమ సంకర పందుల్ని తెచ్చింది. సిమెంటు గచ్చు వేయించింది. రేకుల కప్పు వేయించింది. నెలనెలా కంతు కట్టాలి. కాబట్టి ప్రతి పందీ తన లెక్క తాను చెల్లించాల్సిందే. పాలు మాన్పించి నెల దాటినా మచ్చలది ఎదకు రాలేదు. రోజూ రెండు కిలోల దాణా దండగ. 'గొడ్డుపోయింది, అమ్మేద్దాం' అన్నాడు భర్త. ఆమె సరేనంది. తీరా చూస్తే అది అప్పటికే నెలన్నర పైబడిన చూలు!

పాలిచ్చే పంది ఎదకు రాదు కదా? మరి అది ఎప్పుడు చూలు కట్టింది? ఈ ఒక్క ప్రశ్న ఆమెను పశువుల ఆసుపత్రి మెట్లెక్కించింది. అక్కడ పశువుల డాక్టరు చెప్పిన జవాబు విన్నాక ఆమెకు పంది మీదే కాదు, తల్లితనం మీదే కొత్త గౌరవం పుట్టింది.

మూడు... మూడు... మూడు!

పంది లెక్కను ప్రకృతి చాలా సులువుగా రాసి పెట్టింది. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు. అంటే దాదాపు 114 రోజులు. అదీ పంది చూలు మోసే కాలం. చూలు కట్టకపోతే 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. ఆ ఎద రెండు మూడు రోజులుంటుంది. ఆ గడువులో మగపంది దగ్గరకు తోలకపోతే మళ్లీ మూడు వారాలు ఆగాల్సిందే.

ఎద గుర్తు పట్టడమూ అంత కష్టం కాదు. జననాంగం ఎర్రబడి ఉబ్బుతుంది. మేత మీద ధ్యాస ఉండదు. మిగతా వాటి మీదకు ఎక్కబోతుంది. అసలైన పరీక్ష ఒకటుంది. నడుం మీద రెండు అరచేతులూ పెట్టి గట్టిగా నొక్కాలి. మామూలప్పుడైతే అరిచి పారిపోతుంది. ఎదలో ఉంటే చెవులు నిక్కించి, రాయిలా నిలబడిపోతుంది. మగపంది వాసన దగ్గర్లో ఉంటే ఈ నిలబడటం ఇంకా స్పష్టంగా ఉంటుంది. దాని చొంగలో ఆండ్రోస్టినోన్ అనే పదార్థం ఉంటుంది. ఆడపందికి అదే సంకేతం. దీన్ని కృత్రిమంగా తయారుచేసి, సీసాల్లో నింపి అమ్ముతారు కూడా!

ఇంత కచ్చితమైన గడియారం... ఈనిన మర్నాటి నుంచీ ఆగిపోతుంది. పిల్లలు పాలు తాగినన్నాళ్లూ సాధారణంగా ఎద ఉండదు. పాలు మాన్పించిన నాలుగో రోజుకో, అయిదో రోజుకో, మహా అయితే వారానికో మళ్లీ టిక్కు టిక్కుమంటుంది. పందులు పెంచేవాళ్లు ప్రపంచంలో ఎక్కడున్నా ఆ అయిదో రోజు కోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తారు. ఆ రోజు తప్పితే లెక్క తప్పినట్టే.

గడియారాన్ని ఆపుతున్నది ఎవరు? తల్లి కాదు... పిల్లలు!

ఇరవై సెకన్ల విందు

పంది పాలిచ్చే తీరును ఒక్క గంటసేపు దొడ్డి పక్కన కూర్చుని చూడాలి. అదో ముచ్చట.

ఆవులకూ గేదెలకూ పొదుగులో పాలు నిలవుండే అర ఉంటుంది. అందుకే తీరిగ్గా చెంబుల కొద్దీ పితుక్కుంటాం. పందికి అలాంటి పెద్ద అర లేదు. కావలసినప్పుడు వెళ్లి తాగుదామంటే కుదరదు. తల్లి చేపితేనే పాలు. ఆ చేపు ఉండేది పది నుంచి ఇరవై సెకన్లు మాత్రమే! ఆ కాస్త సమయం దాటిందా, మళ్లీ ముప్పావు గంటో గంటో ఆగాల్సిందే.

అందుకే ఓ పెద్ద తతంగం నడుస్తుంది. తల్లి పక్కకు ఒరిగి, నెమ్మదిగా గుర్రుగుర్రుమంటుంది. అది పిల్లలకు పిలుపు. అవి పరుగెత్తుకొచ్చి దేని చన్ను దగ్గర అది చేరతాయి. ముట్టెలతో పొదుగును కుమ్ముతూ నిమిషంపైన మర్దన చేస్తాయి. ఆ స్పర్శ కబురు వెన్నుపాము గుండా మెదడుకు చేరుతుంది. మెదడు కింద వేలాడే పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. సరిగ్గా ఆ సమయానికి తల్లి గురక వేగం హెచ్చుతుంది. కొద్ది క్షణాలకు పాలు చేపుతాయి. అల్లరంతా ఆగి, గుటకల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఇరవై సెకన్లు... విందు ముగిసింది!

ఇంకో విశేషం. పుట్టిన రెండు మూడు రోజుల్లోనే పిల్లలు చన్నులు పంచేసుకుంటాయి. ముందు వైపు చన్నుల్లో సాధారణంగా పాలెక్కువ. గట్టి పిల్లలు అవి పట్టేస్తాయి. ఇక పాలు మానేదాకా ఎవరి చన్ను వారిదే. పక్కదానిది ముట్టబోతే యుద్ధమే. పదిమంది పిల్లలున్న ఇంట్లో కంచాలు పంచుకున్నట్టు!

'పందిలా పదిమందిని కనేకంటే నందిలాంటి వాణ్ని ఒక్కణ్ని కంటే చాలు' అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. పదిమందిని కనడం సంగతి అలా ఉంచితే, రాత్రీ పగలూ గంటగంటకూ లేవకుండా పడుకుని, ఆ పదిమందికీ సమానంగా చేపడం ఎంత కష్టమో ఆ తల్లికే తెలుసు. మేలుజాతి బాలింత పంది రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల పాలిస్తుంది. 

మెదడుకు అందే కబురు

పొదుగును కుమ్మే ఆ ముట్టెల కబురు మెదడులో రెండు పనులు చేస్తుంది. ఒకటి, పాలు చేపించడం. రెండోది, ఎదను ఆపడం.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. దాన్నుంచి జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోను ఆగి ఆగి, చుక్కలు చుక్కలుగా విడుదలవుతుంది. అది పిట్యూటరీని తట్టి లేపుతుంది. పిట్యూటరీ అప్పుడు ఎల్.హెచ్. అనే మరో హార్మోనును రక్తంలోకి వదులుతుంది. ఆ ఎల్.హెచ్. అండాశయానికి చేరితే అక్కడి అండాల తిత్తులు పెరుగుతాయి. ఈ తిత్తులు ఈస్ట్రోజెన్ తయారుచేస్తాయి. ఈస్ట్రోజెన్ పెరిగితే ఎద. ఒకదాని వెనక ఒకటి... ఇదీ వరస.

పిల్లలు పాలు కుడుస్తున్నంతకాలం ఈ వరసలో మొదటి మెట్టే మూతపడుతుంది. పొదుగు నుంచి స్పర్శ కబురు అందిన ప్రతిసారీ మెదడు తనలో తాను నల్లమందులాంటి రసాయనాలు ఊరించుకుంటుంది. అవి జి.ఎన్.ఆర్.హెచ్. నోరు నొక్కేస్తాయి. ఎల్.హెచ్. తగ్గిపోతుంది. అండాల తిత్తులు జొన్నగింజల్లా చిన్నగానే ఉండిపోతాయి.

ఈ సంగతిని శాస్త్రవేత్తలు ఓ చిత్రమైన పరీక్షతో నిర్ధారించుకున్నారు. మత్తుమందు మోతాదు మించి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లకు నాలోక్సోన్ అనే విరుగుడు ఇస్తారు. అదే విరుగుడును పాలిచ్చే పందులకు ఇచ్చి చూశారు. పిల్లలు పాలు కుడుస్తూనే ఉన్నా ఎల్.హెచ్. పెరిగింది. అంటే, ఆ తల్లి మెదడులో మత్తు తాళం వేసింది పిల్లలేనన్నమాట!

పిల్లల్ని వేరు చేసిన కొద్ది గంటల్లోనే కథ తిరగబడుతుంది. పాలను తయారుచేయించే ప్రొలాక్టిన్ పడిపోతుంది. ఎల్.హెచ్. చుక్కలు జోరందుకుంటాయి. చిన్నచిన్న తిత్తులు నాలుగైదు రోజుల్లో ఏడెనిమిది మిల్లీమీటర్లకు పెరుగుతాయి. అయిదో రోజు... నడుం మీద చెయ్యి వేస్తే రాయిలా నిలబడుతుంది.

ఇందులో ప్రకృతి పొదుపు కనిపిస్తుంది. పదిమందికి పాలిచ్చే తల్లి మీద మరో పదిమంది కడుపు భారం పడకూడదు. గర్భసంచి మళ్లీ మామూలు స్థితికి రావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. అది కుదుటపడకముందే తొందరపడి పాలు మాన్పిస్తే ఎద ఆలస్యమవుతుంది, తర్వాతి ఈతలో పిల్లలూ తగ్గుతాయి. ఐరోపా సమాఖ్య 2008లో చేసిన ఆదేశంలో 28 రోజులకంటే ముందు పిల్లల్ని తల్లి నుంచి వేరు చేయకూడదని రాసుకుంది. ప్రత్యేకమైన, శుభ్రమైన షెడ్లు ఉన్నవాళ్లకు మాత్రం ఓ వారం మినహాయింపు. మన దగ్గర మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు తాగనిస్తారు.

లక్షన్నర పందుల దానం

ఆ జి.ఎన్.ఆర్.హెచ్. ఉందని మనిషికి తెలిసింది కూడా పంది పుణ్యానే. ఆ కథ వింటే ఆశ్చర్యం కలుగుతుంది.

ఇద్దరు శాస్త్రవేత్తలు. ఒకరు ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో పుట్టిన రోజర్ గిలెమిన్. మరొకరు ఒకప్పటి పోలండ్‌లోని విల్నోలో పుట్టిన ఆండ్రూ షాలీ. ఇద్దరూ అమెరికా చేరారు. హ్యూస్టన్‌లో కొన్నేళ్లు కలిసే పనిచేశారు. తర్వాత విడిపోయారు. విడిపోయి ఊరుకోలేదు... పోటీ పడ్డారు! హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి వెళ్లే హార్మోనులను ముందుగా ఎవరు పట్టుకుంటారన్నదే పందెం. గిలెమిన్ గొర్రెల మెదళ్లను నమ్ముకున్నాడు. షాలీ పందుల మెదళ్లను. మాంసం కర్మాగారాల నుంచి గడ్డకట్టించిన మెదడు ముక్కలు లక్షల్లో వాళ్ల ప్రయోగశాలలకు చేరేవి. ఒక్కో మెదడులో ఆ హార్మోను ఉండేది కంటికి ఆననంత. న్యూ ఆర్లీన్స్‌లో షాలీ బృందం లక్షన్నరకు పైగా పందుల హైపోథాలమస్‌లను నూరి, వడగట్టి, చివరికి 1971లో దాని నిర్మాణాన్ని తేల్చింది. ఆ బృందంలో మట్సువో, అరిమురా అనే జపాన్ శాస్త్రవేత్తలది ముఖ్యమైన పాత్ర. పది ఎమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. గొర్రెలోనూ అదే గొలుసు. మనిషిలోనూ అక్షరం తేడా లేకుండా అదే!

1977లో ఇద్దరు ప్రత్యర్థులకూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అందులో సగం వాటా రోజలిన్ యాలోది. రక్తంలో అత్యంత స్వల్పంగా ఉండే హార్మోనులను కొలిచే పద్ధతిని కనిపెట్టిన మహిళ ఆమె. ఆ కొలబద్ద లేకపోతే పాలిచ్చే పంది రక్తంలో ఎల్.హెచ్. తగ్గిందో పెరిగిందో ఎవరూ చెప్పగలిగేవాళ్లు కాదు. గిలెమిన్, షాలీ ఇద్దరూ నిండు జీవితం గడిపి 2024లోనే కన్నుమూశారు. గిలెమిన్‌కు వందేళ్లు, షాలీకి 97.

ఈ హార్మోను చుక్కలు చుక్కలుగానే పడాలన్న రహస్యాన్ని 1978లో ఎర్నెస్ట్ నోబిల్ బృందం కోతులపై ప్రయోగాల్లో తేల్చింది. గంటకోసారి ఇస్తే పిట్యూటరీ పనిచేసింది. ధారలా ఆపకుండా ఇస్తే మొరాయించింది! ఇవాళ సంతాన సాఫల్య కేంద్రాల్లో వాడే కొన్ని ఇంజెక్షన్లకూ, ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే కొన్ని మందులకూ మూలం ఈ రెండు పరిశోధనలే. పిల్లల కోసం ఆ కేంద్రాల గడప ఎక్కే దంపతుల్లో ఎంతమందికి తెలుసు, తమ చికిత్స వెనక లక్షన్నర పందులున్నాయని?

మచ్చలది చేసిన తప్పేంటి?

మళ్లీ మన కథకు వద్దాం. డాక్టరు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న ''ఎన్ని రోజులు పాలు తాగనిచ్చావమ్మా?'' అని.

''రెండు నెల్లు సార్. మా నాయన కాలంలో అయితే అదీ లేదు. అయ్యే మానుకునేటివి.''

''చివరి రోజుల్లో పిల్లలు దాణా తినేవా?''

''బాగా తినేటివి సార్. తల్లి కాడికి పొయ్యేది తక్కువ.''

''తల్లిని బయటికి వదిలావా?''

ఆమె కాసేపు ఆలోచించింది. వదిలింది. ఎండలు ముదిరాయని, గచ్చు కాలిపోతోందని మచ్చలదాన్ని సాయంత్రాలు చెరువు కట్టకు తోలేది. అక్కడ ఊళ్లోవాళ్ల నాటు మగపందులు తిరుగుతుంటాయి.

డాక్టరు తల పంకించాడు. పాలిచ్చే పంది ఎదకు రాదన్నది మాట నిజమే కానీ, అది గోడ కాదు, తలుపు. పిల్లలు గంటగంటకూ కుడిస్తే తలుపు గట్టిగా మూసుకుని ఉంటుంది. వారాలు గడిచి, పిల్లలు మేత మరిగి, కుడవడం తగ్గేకొద్దీ అది సందిస్తుంది. ఎల్.హెచ్. మెల్లగా తిరిగొస్తుంది. అప్పుడు మగపంది వాసన తగిలితే కొన్ని తల్లులు పిల్లలు ఉండగానే ఎదకు వచ్చేస్తాయి. విదేశాల్లో ఈ కిటుకునే వాడి చూశారు. రోజులో కొన్ని గంటలు తల్లిని పిల్లలకు దూరంగా ఉంచితే పాలిచ్చే రోజుల్లోనే ఎద రప్పించవచ్చని నెదర్లాండ్స్ పరిశోధకులు నిరూపించారు.

అడవిలో పంది పిల్లలు ఒక్కరోజులో పాలు మానవు. నెలల మీద కొంచెం కొంచెంగా మానతాయి. ఒక్క పూటలో తెంచేది మనిషే. కాబట్టి అయిదో రోజు లెక్క మనిషి పెట్టిందే. మచ్చలది మనిషి లెక్క ప్రకారం కాకుండా తన తల్లుల లెక్క ప్రకారం నడిచింది. ఆరో వారంలో కట్ట మీద జతకట్టి ఉంటుంది. ఆ తర్వాత ఎనిమిదో వారంలో పాలు మాన్పించి, అయిదో రోజు కోసం, పదో రోజు కోసం, ముప్పయ్యో రోజు కోసం ఎదురుచూసింది ఇంటావిడ. చూలు కట్టిన పంది ఎదకెలా వస్తుంది?

''తప్పు దానిది కాదు తల్లీ. నీది కూడా కాదు. ఎవరూ చెప్పలేదు, అంతే'' అన్నాడు డాక్టరు. ఆ మాటతో ఆమె కాస్త తేలికపడింది కానీ, చూపుడు వేలు మాత్రం కళ్ల ముందు నుంచి పోలేదు.

వెళ్లేటప్పుడు ఆయన ఓ సలహా ఇచ్చాడు. ఓ నోటుపుస్తకం కొనుక్కోమని. ఈనిన తేదీ, పాలు మాన్పిన తేదీ, ఎద తేదీ, జతకట్టిన తేదీ... ఒక్కో పందికీ ఒక్కో పేజీ.

తల్లి మచ్చే కూతురికి...

మచ్చలది పోయినా దాని మొదటి ఈత పిల్లల్లో ఒకదాన్ని ఆమె అమ్మకుండా ఉంచుకుంది. కుడి తొడ మీద అచ్చం తల్లికున్నట్టే నల్లటి మచ్చ. ఆ పిల్ల పెరిగింది. చూలు కట్టింది. మూడు నెలల మూడు వారాల మూడు రోజులకు పది పిల్లల్ని ఈనింది. తొలిచూలుకు పది! ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

సరిగ్గా అప్పుడే ఇంట్లో డబ్బుకు కటకట వచ్చింది. చెనక్కాయల చెక్క ధర ఎక్కువైంది. భర్తకు జ్వరమొచ్చి పనికి పోలేదు. కంతు మాత్రం ఆగదు. ఆమె దాణాలో చెక్క తగ్గించి తవుడు పెంచింది. పంది నోరు విప్పి అడగదు కదా. పిల్లలు మాత్రం దిట్టంగా పెరిగాయి. తల్లి వెన్నెముక తేలింది.

ఈసారి పాలిచ్చినన్నాళ్లూ దాన్ని దొడ్డి దాటనివ్వలేదు. ఆరు వారాలకు పాలు మాన్పించి, పుస్తకంలో రాసుకుంది. అయిదో రోజు పెద్దది ఎదకు వచ్చింది. ఆరో రోజు ఇంకొకటి. మచ్చల కూతురు రాలేదు. ఏడు... ఎనిమిది... పది. నడుం నొక్కితే అరిచి పారిపోతోంది.

పదకొండో రోజు గుమ్మంలో అదే బేరగాడు!

''అక్కా, దాని తల్లి మాదిరే ఇదీ నిలిచిపోయిందంట కదా. మంచి రేటు ఇస్తా. ఈ మేపు ఖర్చు యాడ పడతావు?''

భర్త ఆమె ముఖంలోకి చూశాడు. ఆ నెల కంతుకు ఇంకా నాలుగు రోజులే ఉంది. పంది ఒక్కటి పోతే కంతు తీరుతుంది. ఆమె బేరగాడి చేతి వైపు చూసింది. చూపుడు వేలు.

''ఇది అమ్మేది లేదన్నా'' అంది. సాయంత్రం చెవి కమ్మలు సంఘం లీడరుకు ఇచ్చి కంతు సర్దుకుంది. మర్నాడు మళ్లీ పశువుల ఆసుపత్రి.

డాక్టరు వచ్చి చూశాడు. ఈసారి చూలుకు అవకాశమే లేదు. పుస్తకం చెబుతోంది. వెన్ను తడిమాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ''ఇది గొడ్డుది కాదమ్మా, ఆకలిది'' అన్నాడు.

పాలు కుడిపే తల్లి ముందు పిల్లలకు పెడుతుంది. మేత చాలకపోతే తన ఒంట్లోని కొవ్వునూ, కండనూ కరిగించి పాలు చేస్తుంది. ఒళ్లు మరీ తగ్గిపోతే రక్తంలో ఇన్సులిన్, లెప్టిన్ వంటివి తగ్గుతాయి. 'ఇంట్లో గింజలు లేవు' అని మెదడుకు అవి చెప్పే కబురు అదే. అప్పుడు పిల్లలు వెళ్లిపోయినా మెదడు తాళం తీయదు. ఎల్.హెచ్. జోరందుకోదు. తొలిచూలు పందుల్లో ఇది మరీ ఎక్కువ. ఎందుకంటే అవి ఇంకా తాము ఎదుగుతూనే ఉంటాయి. ఎండాకాలం అయితే మరీ కష్టం. పందికి మనలా చెమట పట్టదు. వేడి పెరిగితే అది చేసే మొదటి పని తిండి తగ్గించడం. తిండి తగ్గితే కథ మళ్లీ మొదటికే.

ఆయన చెప్పిన వైద్యం ఖరీదైనది కాదు. హార్మోను ఇంజెక్షన్లు ఉన్నాయి, కానీ ముందు కడుపు నిండాలి. ఇక మీదట బాలింత పందికి తన కోసం రెండు కిలోలు, పైన ఒక్కో పిల్లకూ పావు నుంచి అరకిలో చొప్పున మంచి దాణా పెట్టాలి. తాగినంత నీరు. కప్పు మీద కొబ్బరాకులు పరిచి, మధ్యాహ్నం నీళ్లు చల్లాలి. రోజుకు రెండుసార్లు మగపందిని తెచ్చి, కటకటాల అవతల నుంచి ముట్టెకు ముట్టె తాకనివ్వాలి. ''మూడు వారాలు చూద్దాం. అప్పటికీ రాకపోతే ఇంజెక్షను సంగతి ఆలోచిద్దాం'' అన్నాడు.

ఆ మూడు వారాలూ ఆ ఇంట్లో పెద్దగా మాటల్లేవు. భర్తే ఓ రోజు ఎక్కడి నుంచో కొబ్బరాకులు మోసుకొచ్చి రేకుల మీద పరిచాడు. ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు.

అత్త చెప్పిన మాట

ఆ రోజుల్లోనే ఓ మధ్యాహ్నం, డాక్టరు చెప్పిందంతా ఆమె అత్తకు వివరిస్తోంది. పాలు కుడిస్తే మెదడుకు కబురు, ఆ కబురుతో ఎద ఆగడం...

ముసలామె ఒక్క నవ్వు నవ్వింది. ''ఇది చెప్పడానికి డాక్టరు యాల మే? నా నలుగురు బిడ్డలకీ రెండేండ్లు రెండేండ్లు ఎడం ఎట్లొచ్చిందనుకున్నావు? చంటిబిడ్డ కుడస్తా ఉంటే నెల నిలిచిపోతాదని మా అమ్మ చెప్పేది.''

అత్తకు తెలిసిన మాటనే శాస్త్రం కొలిచి చూసింది. 1988లో ఇటలీలోని బెలాజియోలో నిపుణులు సమావేశమై ఓ నిర్ధారణకు వచ్చారు. బిడ్డకు ఆరు నెలల లోపు వయసు ఉండాలి. రాత్రీ పగలూ దాదాపు తల్లిపాలే పట్టాలి. తల్లికి నెలసరి తిరిగి మొదలై ఉండకూడదు. ఈ మూడూ కలిసి ఉంటే మళ్లీ గర్భం రాకుండా 98 శాతానికి పైగా రక్షణ ఉంటుంది. మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఆ ధీమా పనికిరాదు. బిడ్డకు పోతపాలు మొదలుపెట్టినా, రాత్రి పాలు మాన్పించినా తలుపు సందిస్తుంది. నెలసరి కనిపించకముందే గర్భం నిలిచే అవకాశమూ ఉంది. 'పాలిస్తున్నాం కదా, ఏం కాదులే' అనుకుని ఏడాది తిరగకుండానే మళ్లీ కడుపుతో డాక్టరు దగ్గరకెళ్లే తల్లులు మన ఊళ్లలో ఎందరో. మచ్చలది చెరువు కట్ట మీద చెప్పిన పాఠమే అది!

ఇంకో పాఠం కూతురిది. బాలింతకు పథ్యం పేరుతో కడుపు మాడ్చే అలవాటు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. బిడ్డ బొద్దుగా ఉంటే చాలు, తల్లి బాగానే ఉందనుకుంటాం. కానీ పిల్లల బొద్దుతనం తల్లి వెన్నెముకలోంచి రావచ్చు. మనిషి పంది కాదు, నిజమే. రెంటి ఒంట్లో జరిగేదంతా ఒక్కటీ కాదు. కానీ తల్లి తన ఒళ్లు కరిగించి పాలు చేయడం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఇరవై ఏడో పేజీ కాదు... ఇరవై ఏడో రోజు!

పాలు మాన్పించిన ఇరవై ఏడో రోజు పొద్దున ఆమె దొడ్డిలోకి వెళ్లేసరికి మచ్చల కూతురు మేత ముట్టలేదు. కటకటాల దగ్గర నిలబడి మగపంది ఉన్న వైపే చూస్తోంది. ఆమె మెల్లగా వెనక నుంచి వెళ్లి, నడుం మీద రెండు అరచేతులూ ఆనించి నొక్కింది.

కదల్లేదు. చెవులు నిక్కించి, రాయిలా నిలబడింది.

ఆమె కేక వేయలేదు. లోపలికెళ్లి పుస్తకం తెచ్చి తేదీ వేసుకుంది. వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంది... మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు.

లెక్క తప్పలేదు. ఒక్క రోజు తేడాతో అది తొమ్మిది పిల్లల్ని ఈనింది. తొమ్మిది! అంకె వినగానే ఆమెకు ఏం గుర్తొచ్చిందో ఇంట్లో ఎవరూ అడగలేదు. పుట్టినవాటిలో రెండింటి తొడ మీద నల్లటి మచ్చ ఉంది. చెవి కమ్మలు ఇంకా సంఘం లీడరు దగ్గరే ఉన్నాయి. ఈ పిల్లలు అమ్ముడుపోతే విడిపించుకోవచ్చు.

ఇప్పుడా ఊళ్లో పందులున్న వాళ్లు ఎవరైనా 'గొడ్డుదైంది, అమ్మేద్దాం' అనుకుంటే, ముందు ఆమె దగ్గరకు వస్తారు. ఆమె నాలుగే ప్రశ్నలు అడుగుతుంది. ఎప్పుడు ఈనింది? ఎప్పుడు మాన్పించావు? బయటికి తోలావా? కడుపునిండా పెట్టావా?

అమ్మడానికి ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. అడిగాకే అమ్మాలి!